పెంచలకోన అడవిలో ముసురు పనికి ఏ రెయిన్‌కోటు కొనాలి?

వెలిగొండ_మొక్కలు (రాపూరు)

అందరికీ నమస్తే. ఈసారి చిత్త కార్తె నుంచి డిసెంబరు దాకా పెంచలకోన చుట్టుపక్కల కొండల్లో మొక్కల సర్వే పని ఉంది. అటవీ శాఖ అనుమతి చేతికొచ్చింది. పొద్దున్నే వాగు వెంబడి పైకి ఎక్కాలి, తాడు పరిచి గడి గుర్తు పెట్టాలి, అందులో ఉన్న ప్రతి చెట్టుకీ ఛాతీ ఎత్తులో టేపు చుట్టి కొలత రాయాలి. మొలకల్ని లెక్కపెట్టేటప్పుడు మోకాళ్ళ మీద కూర్చోక తప్పదు. మేం నలుగురం, దారి చూపించడానికి ఊరివాళ్ళు ఇద్దరు వస్తారు.

మన నెల్లూరు వైపు సంగతి తెలిసిందే. వానలో సగానికి పైగా ఈశాన్య రుతుపవనాల్లోనే పడుతుంది. వాయుగుండం పట్టిందంటే రోజుల తరబడి ముసురే. మనిషికి రెండున్నర వేల దాకా పెట్టగలం. షాపులో అడిగితే బైకు మీద వేసుకునే కోటు తీసి చూపిస్తున్నారు. ఆన్‌లైన్‌లో చూస్తే అన్నీ మంచుకొండల బొమ్మలే. కంపల్లో దూరి పనిచేసేవాళ్ళకి ఏది నిలుస్తుందో, వాడినవాళ్ళు చెప్పండి.

నెల్లూరు_టు_బెంగళూరు

బడ్జెట్ కొంచెం పెంచండి బ్రదర్. గోర్‌టెక్స్ లాంటి పొర ఉన్న జాకెట్ తీసుకుంటే చెమట ఆవిరి బయటికి పోతుంది, వాన మాత్రం లోపలికి రాదు. నేను కూర్గ్, ఆగుంబె ట్రెక్కింగులకి అలాంటిదే వాడతా. ఎనిమిది, పది వేలవుతుంది కానీ పదేళ్ళు వస్తుంది. పీవీసీ ప్లాస్టిక్ కోటు వేసుకుంటే ఇడ్లీ పాత్రలో కూర్చున్నట్టే.

దోర్నాల_రూటు

పదేళ్ళు యాడొస్తుంది సామీ! కాలిబాట మీద నడిచేవాళ్ళకైతే వస్తుందేమో. మాది నల్లమల పక్క. మొక్కలు నాటించే పని, కంప కొట్టించే పని చేయిస్తుంటా. మా దగ్గర పరికి కంప ఉంటుంది. దాని ముల్లు వెనక్కి వంగి ఉంటుంది. ముందుకు పోతే పట్టుకుంటుంది, వదిలించుకోవాలని లాగితే చీరుతుంది. దానికి తోడు చండ్ర, బలుసు, రేగు. పల్చటి నైలాన్ జాకెట్ వేసుకుని వచ్చిన కుర్రోళ్ళు మధ్యాహ్నం అన్నం టైముకి చేతుల దగ్గర పీలికలతో కూర్చుంటారు. పదివేల కోటైనా వెయ్యి రూపాయల కోటైనా ముల్లుకి ఒకటే.

మా వాళ్ళు చేసే పని చెప్తాను. వాన కోటు లోపల వేసుకుని, దాని మీద బాగా వదులుగా ఉండే పాత ఖాకీ చొక్కా తొడుక్కుంటారు. ముల్లు చొక్కాని పట్టుకుంటుంది, కోటు బతుకుతుంది. చొక్కా తడుస్తుంది, తడవనివ్వండి. చూడ్డానికి నవ్వొస్తుంది కానీ సీజను మొత్తం ఒకే కోటుతో గడిచిపోతుంది.

ఇంకొకటి. గడి పని అంటున్నారు కాబట్టి మోకాలి కిందికి దిగే పొడుగు కోట్లు వద్దు. రాతి గుండ్లు ఒకదాని మీద ఒకటి ఎక్కేటప్పుడు కోటు అంచు కాలికింద పడుతుంది. నడుము కిందికి, తొడ సగానికి వచ్చేది చాలు.

నేత_లెక్కలు (ఒంగోలు)

బెంగళూరు బ్రదర్ చెప్పిన పొర గొప్పదే, కాదనను. 1969లో బాబ్ గోర్ టెఫ్లాన్‌ని గబుక్కున సాగదీస్తే కంటికి కనబడని రంధ్రాలున్న పల్చటి పొర వచ్చింది. నీటి చుక్క దూరలేదు, ఆవిరి దూరుతుంది. అంతకు ముందు 1823లో మాకింతోష్ రెండు గుడ్డల మధ్య రబ్బరు పెట్టి వాన కోటు చేసినప్పటి నుంచీ అందరి ఏడుపూ ఒకటే: వానని ఆపే గుడ్డ చెమటనీ ఆపేస్తుంది.

కానీ ఆ పొర దానంతట అది చెమటని బయటికి తోసెయ్యదు. లోపల ఆవిరి ఎక్కువ, బయట తక్కువ ఉంటేనే అటు పోతుంది. 5 డిగ్రీల చలిలో పడే వానలో ఆ తేడా బాగా ఉంటుంది. మన ముసురులో బయట 27 డిగ్రీలు, గాలి నిండా తేమ. లెక్కేసి చూస్తే ఆవిరిని బయటికి తోసే ఆ తేడా చలిదేశంలో ఉన్నదానిలో సగం కూడా ఉండదు. కొండెక్కేవాడికి గంటకి లీటరు దాకా చెమట పడుతుంది. ఏ పొరా అంత చెమటని దాటించలేదు. పైగా బయటి గుడ్డ మీద నీళ్ళు జారిపోవడానికి వేసిన పూత అరిగిందంటే గుడ్డ నీళ్ళు తాగేస్తుంది, ఇక ఆవిరి పోయే దారి మూసుకున్నట్టే. మట్టి, చెమట నూనె, తాడు రాపిడి, అన్నీ ఆ పూతకి శత్రువులే.

కాబట్టి మన వాతావరణంలో డబ్బు పెట్టాల్సింది గుడ్డ మీద కాదు, గాలి ఆడే దారుల మీద. చంకల కింద జిప్పు ఉందా, వీపు దగ్గర మడతలో జాలీ ఉందా, ముందు జిప్పు పైనుంచీ కిందనుంచీ రెండువైపులా తెరుచుకుంటుందా, అవి చూడండి.

లేబుల్ మీద 3000, 5000, 10000 మిల్లీమీటర్లు అని ఉంటుంది. ఆ గుడ్డ మీద అంత ఎత్తు నీళ్ళు నిలబెడితే కారకుండా ఆపుతుందని అర్థం. మామూలు వానకి 3000 సరిపోతుంది. మీరు మోకాళ్ళ మీద కూర్చుంటారు, భుజాన బ్యాగు పట్టీలు నొక్కుతాయి. ఒత్తిడి పడ్డచోట నీళ్ళు దూరతాయి కాబట్టి ప్యాంటుకీ, భుజాలకీ 5000 పైన చూసుకోండి. అంతకన్నా ముఖ్యం కుట్లు. కోటు తిరగేసి కుట్టు మీద టేపు అతికించి ఉందో లేదో చూడండి. టేపు లేకపోతే ఆ అంకెకి విలువ లేదు, సూది గుచ్చిన ప్రతి రంధ్రం లోంచీ కారుతుంది.

నెల్లూరు_టు_బెంగళూరు

ఓకే, లెక్క ఒప్పుకుంటా. కూర్గ్‌లో చలి ఉంటుంది, అందుకే తేడా తెలుస్తుందేమో. అయినా పీవీసీ కన్నా నయమే అంటాను.

సరుగుడు_లోడ్ (కావలి)

మాది సరుగుడు, జామాయిల్ నరికించే పని. సముద్రం పక్క ఇసక నేల, కంప తక్కువ, గాలి ఎక్కువ. మాకు పీవీసీయే కరెక్టు. ఐదారొందల నుంచి వెయ్యి లోపు కోటూ ప్యాంటూ సెట్టు వస్తుంది. బురదైతే బకెట్ నీళ్ళు కొట్టి వేలాడదీస్తాం. ఉక్కపోస్తుంది, నిజమే. అందుకే ముందు బటన్లు పెట్టుకోరు మా వాళ్ళు. ఛాతీ తడుస్తుంది, వీపు పొడిగా ఉంటుంది. వంగి పనిచేసేవాడికి వాన పడేది వీపు మీదే కదా.

పాంచో (తల దూర్చి దుప్పటిలా కప్పుకునే వాన కోటు) మాత్రం వద్దు. కోతమిషను దగ్గర రెక్కలు కొట్టుకునే బట్ట ఏదీ ఉండకూడదు, ఆ విషయంలో నేను ఎవరి మాటా వినను. మీకు మిషను లేకపోయినా, ఈదురుగాలికి పాంచో మొహం మీదికి లేచిందంటే గుండ్ల మీద అడుగు ఎక్కడ పడుతుందో కనపడదు. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటకముందు మా వైపు వీచిన గాలికి పాంచోలన్నీ తల మీదే చినిగాయి.

పొదలకూరు_నిమ్మ

ఆడవాళ్ళు కూడా ఉన్నారా మీ టీములో? ఎవరూ అడగలేదు కాబట్టి అడుగుతున్నా. నేను తోటల సర్వేకి తిరుగుతుంటాను. ఫ్రీ సైజు పేరుతో అమ్మేవి మగవాళ్ళ భుజాలకి కుట్టినవి. చేతులు వేళ్ళు దాటి వేలాడతాయి. మడిస్తే మడతలో నీళ్ళు నిలిచి, చెయ్యి పైకెత్తగానే మోచేతి దాకా జారతాయి. మీరు చెట్టుకి టేపు చుట్టేది చేతులెత్తే కదా, మగవాళ్ళకైనా ఇదే గొడవ. మణికట్టు దగ్గర వెల్‌క్రో పట్టీ ఉన్నది చూడండి, ఎలాస్టిక్ కన్నా అది మేలు.

లోపల కాటన్ చుడీదార్, కాటన్ ప్యాంటు వద్దు. తడిస్తే బరువెక్కి తొడలు ఒరుసుకుపోతాయి, సాయంత్రానికి నడవలేం. క్రికెట్ వాళ్ళు వేసుకునే పాలిస్టర్ టీషర్టు, ట్రాక్ ప్యాంటు హాయి. పిండి వేసుకుంటే ఒంటి మీదే ఆరిపోతాయి. కోటూ ప్యాంటూ విడివిడిగా ఉన్నవే తీసుకోండి, ఒకే ముక్కగా ఉండే సూటు వేసుకుంటే అడవిలో ఆడవాళ్ళకి ఎంత ఇబ్బందో చెప్పక్కర్లేదు.

వెలిగొండ_మొక్కలు (రాపూరు)

మేడమ్, ఒకరున్నారు, ఆమె కూడా ఇదే మాట అంది. థ్యాంక్స్.

ఇప్పుడు కాళ్ళ సంగతి. వాన వెలిశాక కూడా మోకాళ్ళ దాకా తడిసిపోతున్నాం, అది పైనుంచి వచ్చే తడి కాదు, పొదల తడి. రెయిన్ ప్యాంటు వేస్తే ఉక్క, చినుగుడు. వెయ్యకపోతే తడి. గంబూట్లు కొనాలా, మామూలు బూట్లా?

దోర్నాల_రూటు

వాన కురిసేది గంట, చెట్లు కురిసేది పూటంతా. పొద్దున్నే ముందు నడిచేవాడే అందరి తడీ తుడుచుకుంటాడు. మా క్యాంపులో ముందు నడిచే మనిషిని మారుస్తుంటాం.

పాత బరకం ముక్క నడుము నుంచి మోకాలి కింది దాకా ముందువైపు మాత్రం కట్టుకోండి. వెనక తెరిచి ఉంటుంది, ఉక్క ఉండదు. మోకాళ్ళ మీద కూర్చున్నప్పుడు అదే చాప. పొదని ముందు తాకేది అదే, చినిగితే ఇంకో ముక్క. ఖర్చు లేదు.

సరుగుడు_లోడ్ (కావలి)

గంబూట్లు కొనండి. నాలుగైదొందలకి వస్తాయి. రక్తపింజర ఉండే నేల అది.

దోర్నాల_రూటు

ఇసకలో పనికీ కొండలో పనికీ ఒకే బూటు చెప్తే ఎట్లా అన్నా. పాచి పట్టిన గుండు మీద ఆ రబ్బరు అడుగు జారుతుంది. వాగు దాటేటప్పుడు బూటు పైనుంచి నీళ్ళు నిండాయంటే కాలు లేవదు. 2021 నవంబరులో పెన్నా వరద అందరికీ గుర్తుండే ఉంటుంది, కొండవాగులు కూడా అట్లాగే చూస్తుండగానే పొంగుతాయి. బూటు బరువుతో వాగులో నిలబడే పని పెట్టుకోకూడదు.

సరుగుడు_లోడ్ (కావలి)

వాగు పొంగితే ఏ బూటుతోనూ దిగకూడదు తమ్ముడూ, అది బూటు తప్పు కాదు. రక్తపింజర మాత్రం వాగు కోసం ఆగదు. ఆకుల్లో కలిసిపోయి ఉంటుంది, కదలదు, తొక్కేదాకా తెలియదు.

పొదలకూరు_నిమ్మ

ఇద్దరూ కరెక్టే. అడుగు భాగంలో లోతైన గాడులుండి, మడమ దగ్గర గట్టిగా పట్టుకునే చీలమండ బూటు వేసుకుని, దాని మీద మోకాలి దాకా గట్టి గెయిటర్ (పిక్కకి చుట్టి కట్టే తొడుగు) కట్టండి. బూట్లో నీళ్ళు పోతాయి, పోతే పోనీ, అట్టనే బయటికీ పోతాయి. వాటర్‌ప్రూఫ్ బూట్లయితే లోపలికి పోయిన నీళ్ళు సాయంత్రం దాకా లోపలే. అన్నం తినేటప్పుడు సాక్సు తీసి పిండి, కాళ్ళు గాలికి పెట్టండి. రాత్రికి వేళ్ళ సందుల్లో పౌడరు. నానిన కాళ్ళతో వరసగా పనిచేస్తే వారానికల్లా చర్మం తెల్లబడి పగులుతుంది.

పీహెచ్‌సీ_డ్యూటీ

బట్టల చర్చలో వైద్యం దూరుస్తున్నానని అనుకోవద్దు. ప్యాంటు అంచులు సాక్సులోకి దోపుకోండి, చొక్కా ప్యాంటులోకి దోపుకోండి. వానాకాలం పొదల్లో ఉండే చిన్న నల్లి పిల్లలు (మంచాల్లో నల్లులు కాదు, కంటికి సరిగ్గా ఆనని పురుగులు) కుడితే స్క్రబ్ టైఫస్ అనే జ్వరం వస్తుంది. కుట్టినట్టు కూడా తెలియదు. వారం, పది రోజుల తర్వాత జ్వరం, తలనొప్పి, ఒళ్ళు నొప్పులు. కుట్టినచోట సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి మచ్చ ఉండొచ్చు. చంకలు, నడుము పట్టీ, గజ్జల దగ్గర వెతకాలి. మచ్చ లేకపోయినా జ్వరం వస్తే అడవి పని చేశామని డాక్టరుకి మొదటే చెప్పండి. త్వరగా పట్టుకుంటే డాక్సీసైక్లిన్‌తో తగ్గిపోతుంది. ఆలస్యమైతే ఊపిరితిత్తులు, కిడ్నీల దాకా పోతుంది. విప్పిన చొక్కాలు గడ్డి మీద ఆరేయకండి. ఆ బరకం ముక్క మాత్రం చాలా మంచి ఐడియా, దాని మీదే కూర్చోండి.

కలిగిరి_గొంగడి

మా తాతల కాలంలో గొంగడే. తడిస్తే బరువెక్కేది, అయినా వెచ్చగా ఉండేది. ఇప్పటికీ మా ఊళ్ళో జీవాలు కాసేవాళ్ళు తీసుకుపోతారు. అబ్బయ్యా, పని చేసేవాడికి కాదులే, కూర్చుని కాపలా కాసేవాడికి చెప్తున్నా.

వెలిగొండ_మొక్కలు (రాపూరు)

కూర్చునే మనిషి మాకూ ఒకరున్నారు పెద్దాయనా. కొలతలు రాసుకునేవాళ్ళు ఒకచోటే నిలబడతారు, ఒళ్ళు కదలదు కాబట్టి చలి ముందు వాళ్ళకే పడుతుంది. వాళ్ళకేం చెయ్యాలి?

నేత_లెక్కలు (ఒంగోలు)

రాసేవాళ్ళకి గొడుగు. నవ్వకండి. కంపలో దూరే పని లేనివాళ్ళకి గొడుగుని మించింది లేదు, కింద గాలంతా ఆడుతుంది, కాగితం కూడా తడవదు. గాలివాన రోజు తప్ప. జెల్ పెన్ను పెట్టుకోకండి, పెన్సిలే. తడి వేళ్ళకి ఫోను స్క్రీను పలకదు కాబట్టి ఫోనులో రాసుకుందామనుకోకండి.

ఎవరు ఏం వేసుకోవాలన్నది ఇక్కడే తేలుతుంది. కదిలేవాళ్ళు చెమటకి తడుస్తారు, వాళ్ళకి గాలి కావాలి. నిలబడేవాళ్ళు వానకి తడుస్తారు, వాళ్ళకి నీళ్ళాగే కోటు కావాలి. నలుగురికీ ఒకే కోటు కొనకండి.

ఉదయగిరి_బీటు

రంగు గురించి ఎవరూ మాట్లాడలేదు. ఎర్రచందనం ఉన్న కొండలివి. మిలిటరీ మచ్చల డిజైను కోట్లు వేసుకుని తిరగొద్దు. వానలో దూరం నుంచి చూసేవాళ్ళకి మీరెవరో తెలియదు, మా అటవీ శాఖ వాళ్ళకైనా సరే, మా వాళ్ళ నుంచి తప్పించుకునే చందనం దొంగలకైనా సరే. ఆరెంజ్, పసుపు ఏదైనా పరవాలేదు, మీలో మీకు కూడా కనపడతారు. అనుమతి కాగితం నకలు ప్రతి ఒక్కరి జేబులో, ప్లాస్టిక్ కవర్లో ఉండాలి.

ఇంకా ముఖ్యం టోపీ సంగతి. కోటుకుండే టోపీ బిగించుకుంటే చినుకుల చప్పుడు తప్ప ఇంకేదీ వినపడదు, పక్కకి తిరిగితే కన్ను టోపీ లోపలే ఉంటుంది. ముసురులో ఎలుగు కూడా మిమ్మల్ని పసిగట్టదు, మీరూ దాన్ని గమనించరు, మలుపులో ఎదురుపడతారు. మా వాళ్ళు క్రికెట్ టోపీ పెట్టుకుంటారు, ముందున్న రేకు కళ్ళ మీద నీళ్ళు పడకుండా చూస్తుంది, చెవులు ఖాళీగా ఉంటాయి. జడివాన పడితేనే పైన హుడ్ లాగుతారు. మాట్లాడుకుంటూ నడవండి.

వెలిగొండ_మొక్కలు (రాపూరు)

అన్నా, ఈ టోపీ మాట బంగారం.

మాతో వచ్చే యానాది పెద్దాయన్ని ఇవన్నీ అడిగాను. ఆయన పద్ధతి వేరే. వాన మొదలవగానే చొక్కా విప్పి ప్లాస్టిక్ కవర్లో మూతి కట్టి సంచిలో పెట్టేస్తాడు. నిక్కరుతో పని చేస్తాడు. పని ఆగాక ఒళ్ళు తుడుచుకుని పొడి చొక్కా వేసుకుంటాడు. వణుకు పుట్టేది పని చేసేటప్పుడు కాదంట, ఆపాకే. అందుకని మా అందరికీ ఒక్కో పొడి చొక్కా, తువ్వాలు మూతి కట్టిన కవర్లో తప్పనిసరి చేశాం. ఎంత తడిసినా క్యాంపుకి వచ్చేదాకా అది తీయకూడదు.

కొన్నవి ఇవీ. కొలిచే ముగ్గురికీ చంకల్లో జిప్పులున్న పొట్టి నైలాన్ కోట్లు, 5000 రేటింగు, కుట్లకి టేపు ఉన్నవి, పసుపు రంగు. మీద వేసుకోవడానికి పాత ఖాకీ చొక్కాలు. రాసే ఆమెకి పీవీసీ కోటు, పెద్ద గొడుగు. దారి చూపించే ఇద్దరికీ ఏం కావాలో వాళ్ళనే అడిగాం, గట్టి బూట్లు అడిగారు, కోటు వద్దన్నారు. బరకం ముక్కలు అందరికీ. గెయిటర్లు నెల్లూరులో దొరకలేదు, ఆన్‌లైన్‌లో పెట్టాం. మనిషికి రెండున్నర వేలు దాటలేదు.

చినిగితే అడవిలో ఏం చెయ్యాలో ఒక్కటి చెప్పండి. పంక్చర్ షాపు సొల్యూషన్ పనిచేస్తుందా?

నేత_లెక్కలు (ఒంగోలు)

రబ్బరు కోటుకైతే పనిచేస్తుంది, పీవీసీకి గట్టిగా పట్టదు, రెండో రోజు లేచిపోతుంది. నైలాన్‌కి అతికించే రిపేర్ టేపు చుట్ట ఒకటి సంచిలో పడెయ్యండి. ముక్క మూలలు కత్తెరతో గుండ్రంగా కోసి అతికించాలి, కోణంగా ఉంటే మూల లేస్తుంది. గుడ్డ పూర్తిగా ఆరి ఉండాలి, ముసురులో అది రాత్రి క్యాంపులో తప్ప కుదరదు. లోపలివైపు కూడా ఒక ముక్క వేస్తే సీజను గడుస్తుంది.

సీజను అయ్యాక తడిగా మడిచి పెట్టెలో పెట్టకండి. నైలాన్ కోటు లోపలి పూత వేడికీ తేమకీ జిగురుగా మారి పొట్టులా రాలుతుంది, అలా రాలితే ఇక రిపేరు లేదు. మామూలు సబ్బు నీళ్ళతో కడిగి, నీడలో ఆరేసి, మడవకుండా హ్యాంగరుకి తగిలించండి. బట్టలు మెత్తబడటానికి పోసే లిక్విడ్ వాడొద్దు, పైపూత పోతుంది.

సరుగుడు_లోడ్ (కావలి)

పీవీసీ కోటు పెద్దగా చినిగితే లారీ పట్టాలు కుట్టే షాపుకి తీసుకెళ్ళండి. వేడి గాలి మిషను పెట్టి ముక్క అతికిస్తారు, యాభై, వంద తీసుకుంటారు. మట్టి కడిగి, ఆరబెట్టి తీసుకెళ్ళండి, తడి కోటు తెస్తే అతకదని తిప్పి పంపేస్తారు.